వేపరెబ్బ ఒకటా, పదమూడా?

వేసవి సెలవులకి మా చెల్లెలి కూతురు మా ఊరు వచ్చింది. యూకేజీ అయిపోయింది. ఒకటి నుంచి వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది, అడిగితే వెనక్కి కూడా. ఓ పొద్దున అరుగు మీద కూర్చుని, "వేపచెట్టు దగ్గరికెళ్లి ఐదాకులు పట్రా" అన్నాను. వెళ్లి ఐదు రెబ్బలు తుంచుకొచ్చింది. ఒక రెబ్బ చేతికిచ్చి లెక్కపెట్టమన్నాను. పదమూడు అంది. "మరి నేనడిగింది ఐదే కదా?" కాసేపు రెబ్బ వంక, కాసేపు నా వంక చూసింది. "అసలు నువ్వు ఆకంటే దేన్నంటున్నావు మావయ్యా?"

దొరికిపోయింది నేను. వృక్షశాస్త్రం ప్రకారం ఆ పిల్లే రైటు. ఆకు కాడ కొమ్మకి అంటుకునే చోట, పైవైపు సందులో చిన్న మొగ్గ ఉంటుంది. వేపరెబ్బ మొదట్లో ఆ మొగ్గ కనిపిస్తుంది. రెబ్బకున్న చిన్న చిన్న ఆకుల దగ్గర వెతికితే ఉండదు. అంటే రెబ్బ మొత్తం కలిపి ఒకే ఆకు. మనం వేపాకులని పిలిచేవి దాని భాగాలు, పాఠ్యపుస్తకం మాటలో పత్రకాలు. కరివేపాకూ, చింతాకూ ఇదే బాపతు. పోపులోకి రెండు రెబ్బల కరివేపాకు అని వంటింట్లో వేసే లెక్క, తెలియకుండానే శాస్త్రం లెక్కే.

ఇదంతా ఐదేళ్ల పిల్లకి ఎందుకు అనొచ్చు. మొగ్గ సంగతి ఎందుకూ అక్కర్లేదు. కానీ 'ఒకటి' అంటే దేన్ని ఒకటి అనుకుంటున్నాం అన్న ప్రశ్న మాత్రం ఆ వయసుకి కావాల్సిందే. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో లెక్కలు తడబడేది సరిగ్గా అక్కడే. 14లో ఉన్న 1ని పిల్లలు ఒకటనే చదువుతారు. అది పది అని టీచరు చెబుతారు. ఒకటే పది ఎలా అవుతుందో వాళ్లకి అర్థం కాదు, తల మాత్రం ఊపుతారు. అరటి గెల చూసిన పిల్లకి ఇది అంత కష్టం కాదు. గెల ఒకటి, అందులో అత్తాలు ఎనిమిదో తొమ్మిదో, ఒక్కో అత్తంలో కాయలు పదిహేనో పదహారో. అదే వస్తువుని మూడు రకాలుగా లెక్కపెట్టొచ్చు, మూడూ తప్పు కాదు. సర్కారు బళ్లలో టీచర్లు పుల్లల్ని పదేసి కట్టలు కట్టి చూపించేది ఇదే.

చిన్నపిల్లల చదువులో ప్రకృతి గురించి మాట్లాడినప్పుడల్లా మనవాళ్లు పచ్చదనం, స్వచ్ఛత, ప్రకృతి ఒడి అంటూ మొదలుపెడతారు. నాకు ఆ భాష మీద పెద్దగా నమ్మకం లేదు. చెట్టూ చేమా పాఠానికి పనికొచ్చేది అందంగా ఉన్నందుకు కాదు, ఒకదానిలా ఇంకొకటి లేనందుకు. ప్లాస్టిక్ పూసలు పదీ ఒకేలా ఉంటాయి. వాటితో లెక్కపెట్టడం వస్తుంది. చింతపిక్కలు పది తీసుకుంటే ఒకటి పెద్దది, ఒకటి నొక్కుకుపోయినది, ఒకటి జంటపిక్క. అయినా అన్నీ పిక్కలే. ఇన్ని తేడాల మధ్య ఒకే పేరు పెట్టదగ్గది ఏముందో పట్టుకోవడమే భావన అంటే. తేడాలు ముందే తుడిచేసిన వస్తువిస్తే పిల్లకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

బడిగోడ మీది బొమ్మల చార్టు చేసే పని ఆ తుడిచేయడమే. ఏనుగుకీ చీమకీ ఒకే సైజు గడి. ఆకంటే మధ్యలో ఈనె ఉన్న ఒక పచ్చటి బొమ్మ. మా మేనకోడలి పుస్తకంలో ఆకు రావిదో మర్రిదో తెలియదు, ఏ చెట్టుదీ కాదు.

ఎల్‌కేజీ, యూకేజీలో కేజీ అంటే కిండర్‌గార్టెన్, జర్మన్‌లో పిల్లల తోట. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి పెట్టాడు, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. పిల్లలకి నిజంగానే తోటలో తలా ఒక మడి ఇవ్వాలన్నాడు. అంతకుముందు ఆయన బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాల మధ్య పనిచేశాడు. పిల్లల చేతికి ఆయన ఇచ్చిన చెక్క ఘనాల వెనక ఆ స్ఫటికాల చూపు ఉంది. ఇవాళ మన వీధి చివర మూడంతస్తుల బిల్డింగులో నడిచే కేజీలో మడి సంగతి సరే, కుండీలో తులసి మొక్క కూడా ఉండదు.

కాగితం మీద లోటేం లేదు. 2020 జాతీయ విద్యావిధానం, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం, రెండూ ఆటపాటల గురించి, చుట్టుపక్కల దొరికే వస్తువుల గురించి చెబుతూనే ఉన్నాయి. 2023లో జాదూయీ పిటారా, అంటే మాయపెట్టె అన్న పేరుతో బొమ్మలు, పజిళ్లు, ఫ్లాష్‌కార్డులతో పెట్టెలు కూడా వచ్చాయి. పెట్టె మంచిదే. కాకపోతే వానొస్తే తడుస్తుందని, పిల్లలు పారేస్తారని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు మనకుంది. చింతపిక్కలకి స్టాక్ రిజిస్టరు అక్కర్లేదు.

ఇంకో జబ్బు ఉంది, ఇది బడికన్నా ఇళ్లల్లోనే ఎక్కువ. చీమ కనబడగానే నీతి మొదలుపెడతాం. చీమని చూసి క్రమశిక్షణ నేర్చుకో, చెట్టుని చూసి త్యాగం నేర్చుకో అంటాం. పిల్ల అప్పటిదాకా చూస్తున్న చీమని వదిలేసి మన మొహం చూస్తుంది. చీమల బారు మధ్యలో తడిగుడ్డతో ఒక్కసారి తుడవమనండి. అక్కడిదాకా వచ్చిన చీమలు ఆగి, అటూఇటూ తిరిగి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. ముందు వెళ్లినవి నేలమీద వదిలిన వాసనే వాటికి బాట. కాళ్లు ఎన్నున్నాయో కూడా పన్లోపని లెక్కపెట్టొచ్చు, ఆరు. సాలీడుకి ఎనిమిది. ఒకటి కీటకాల జాతి, రెండోది కాదు అనే తేడా తర్వాతెప్పుడో పుస్తకంలో ఎదురైనప్పుడు అది కొత్త మాటగా ఉండదు.

ప్రకృతి పేరు చెప్పి పుస్తకం కూడా తప్పుదోవ పట్టించగలదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది కంఠతా వస్తుంది. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. సంక్రాంతికి మా డాబా మీంచి చూస్తే పక్కింటి వాటర్ ట్యాంకుకి కుడివైపున వస్తాడు, జూన్‌లో బాగా ఎడమకి జరుగుతాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగం చదివే ఇళ్లల్లోనూ ఆ జరగడాన్ని పిల్లలకి చూపించేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం నిలువుకర్రకి నీడే పడదు. సుద్దముక్కతో గంటగంటకీ నీడ కొస దగ్గర గీత గీస్తే చాలు, పిల్లలు ఎండని కూడా లెక్కచేయరు. నీళ్లు తాగించడం మన పని.

అంగన్‌వాడీ టీచర్లని ఈ మాట అంటే వాళ్లు చెప్పేది వేరు. ఒక్క మనిషి, పోషణ లెక్కలు, ఫోన్‌లో యాప్ నింపడం, మధ్యలో పిల్లలు. పొదల దగ్గర పామొస్తే ఎవరు జవాబుదారీ? న్యాయమైన ప్రశ్న. ప్రైవేటు బళ్ల ఇబ్బంది ఇంకోటి. ఫీజు కట్టిన తల్లిదండ్రులకి సాయంత్రానికి నోట్సు నిండి కనబడాలి. ఆకు పట్టుకుని పిల్ల అరగంట ఆలోచించిందంటే ఏ నోట్సులో కనబడుతుంది?

అయినా చెట్టుదాకా పోలేని చోట కూరగాయల సంచీ ఉంది. బెండకాయని అడ్డంగా కోస్తే ఐదు గదులు. కొన్ని రకాలకి ఏడో ఎనిమిదో ఉంటాయి, అలాంటిది దొరికితే ఇంకా మంచిది. బెండపువ్వుకీ మందారానికీ రేకులు ఐదేసి. రెండూ, పత్తి కూడా, ఒకే కుటుంబం. నానబెట్టిన పెసలు మర్నాటికి మొలకెత్తుతాయి. ఒక గింజ పొట్టు తీస్తే రెండు బద్దలుగా విడిపోతుంది. పప్పు బద్ద అని మనం పిలిచేది ఇదే. బియ్యపు గింజని ఎంత నొక్కినా రెండు బద్దలు కాదు. ఎందుకు కాదని అడిగితే వెంటనే చెప్పేయొద్దని నా సలహా. జొన్నతో చూడు, శనగతో చూడు అని పంపండి. రెండు కుప్పలవుతాయి. ఆ కుప్పలకి పేర్లు ఆరో తరగతి దాకా ఆగగలవు.

మా మేనకోడలికి నేను జవాబు చెప్పలేదు. రెండూ సరే అన్నాను, దానికి నచ్చలేదు. మర్నాడు పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి రాలిపడింది. చుట్టూ తిరిగి చూసింది. ఈనెలున్న సన్నటి ఆకుల్ని ఒకవైపు ముప్పయి దాకా లెక్కపెట్టి విసుగొచ్చి వదిలేసింది. "మావయ్యా, ఇదంతా ఒకటేనా?" అంది. ఒకటే అన్నాను. నమ్మినట్టు లేదు. పక్కింటి పిల్లలిద్దర్ని పిలుచుకొచ్చి మట్ట మీద కూర్చోబెట్టి, తనూ ఎక్కి, నన్ను లాగమంది. "ఒక్కాకు మీద ముగ్గురం" అని వీధి చివరిదాకా అరుస్తూనే ఉంది.