పాపం, విమానం వారి కష్టాలు

మా ఒడిశా జయపురంలో ఒక పెద్దమనిషికి కష్టం వచ్చింది. నాలుగు సీట్ల సెస్నా 172 విమానం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, ఇప్పుడు దానికి సర్వీసింగ్ చేయించాలట! ఏ టీ కొట్టు దగ్గర దొరికినా ఇదే ఏడుపు. ఏటా ఎగరడానికి పనికొస్తుందని ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్ కావాలి, 100 గంటలు ఎగిరితే తనిఖీ, ఇంజిన్‌కి 2000 గంటలు తిరిగినా 12 ఏళ్లు నిండినా మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయించమని ఇంజిన్ చేసిన లైకమింగ్ కంపెనీ వాడు రాసిపెట్టాడు. "నేను ఎగిరేదే అప్పుడప్పుడు, ఈ 12 ఏళ్ల లెక్క నాకెందుకయ్యా" అని మనల్ని నిలదీస్తారు. ఊరికే పెట్టి ఉంచినా లోపల తుప్పు పడుతుంది సార్, కొరాపుట్ వానలు మీకు తెలియనివా? అమెరికాలో అయితే ఎవరి విమానం వాళ్లే తనిఖీ చేసుకుంటారట. అది సొంతంగా విమానం కట్టుకున్నవాడికి. మీరు కట్టేది ఈఎంఐ.

అన్నిటికన్నా ఆయనకు మండిపోయింది బోల్టు దగ్గర. విమానానికి పనికొస్తుందని కాగితం లేని బోల్టు ముట్టనని ఇంజినీరు చెప్పేశాడు. ఈయన పాతది పట్టుకుని మెయిన్ రోడ్డులో ట్రాక్టర్ సామాన్ల కొట్టుకి వెళ్లారు. అదే పొడుగు, అదే మరలు, పైగా కొత్తది మెరుస్తోంది కూడా. కాగితమే కదా కావాలి, రాసివ్వమన్నారు. కొట్టతను బిల్లు పుస్తకం తీసి, పైన శ్రీరామ అని రాసి, "ఈ బోల్టు విమానమునకు పనికి వచ్చును" అని స్టాంపు గుద్ది, "పార్టీ పేరు వెయ్యాలా, బండి నంబరు వెయ్యాలా బాబూ?" అని అడిగాడట. ఇంజినీరు ఆ చీటీని రెండుసార్లు చదివి, భద్రంగా జేబులో పెట్టుకుని, కిరండూల్ రైలెక్కి విశాఖ వెళ్లిపోయాడు.

1989లో ఓస్లో నుంచి హాంబర్గ్ వెళ్తున్న పార్ట్‌నేర్ అనే నార్వే కంపెనీ విమానం సముద్రంలో పడి 55 మంది పోయారు. తోకలో బిగించిన బోల్టులు, పిన్నులు నకిలీవని తేలింది. ఈ మాట చెబితే "మనది చిన్న విమానం కదా" అన్నారు.

సరే, కాగితం లేని స్వర్గం చూస్తారా, సంత రోజున సుంకి ఘాట్ రోడ్డుకి రండి. ఎనిమిదేళ్లు దాటిన కిరాయి జీపుకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. చేయిస్తారు, బండి ఇంటి దగ్గరే ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం ఏజెంటు తెచ్చిస్తాడు. లోపల చోడి బస్తాలు, వాటి మీద పిల్లల తల్లులు, వెనక వేలాడుతూ మగవాళ్లు, ముందు లోయ. ఆ బ్రేకు ఎవడు చూశాడు? ఏ బోల్టుకి కాగితం అడిగారు? ఏం, ఒక్కడు సరదాగా ఎగిరితే ఇంతమంది సంతకాలు పెట్టాలి గానీ, బస్తాల మీద కూర్చున్న ఆడమనిషి ప్రాణం ప్రాణం కాదా? సిగ్గుండాలి!

ఆ జీపుల్లో రెండు ఈ పెద్దమనిషివే. మొన్న అదే ఏజెంటుని పిలిచి విమానం పని కూడా చూడమన్నారట. వాడు దండం పెట్టేశాడు. "వద్దు బాబూ, జీపులాగ కాదు, విమానం పడితే ఎంక్వయిరీ వేస్తారు."