‘నాటు నాటు’కు ఆస్కార్ అర్హత లేదన్న వాదనలో నిలిచేదెంత?

2023 మార్చి 12 రాత్రి, అంటే మనకు 13వ తేదీ ఉదయం, లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో జరిగిన 95వ ఆస్కార్ వేడుకలో ఉత్తమ ఒరిజినల్ సాంగ్ పురస్కారం ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’కు దక్కింది. సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ వేదికపై ప్రతిమలు అందుకున్నారు. ఆ సంబరం సాగుతుండగానే మొదలై, ఇప్పటికీ అవార్డుల కాలం వచ్చినప్పుడల్లా చేతులు మారుతూ తిరుగుతున్న వాదన ఒకటుంది. ప్రచారానికి కోట్లు గుమ్మరించి ఆ అవార్డును కొన్నారనీ, వచ్చింది నిజానికి డాన్సుకే తప్ప పాటకు కాదనీ, సాహిత్యంలో ఒకే మాట తిప్పి తిప్పి అనడం తప్ప సరుకు లేదనీ, రిహాన్నా, లేడీ గాగా పాటలు దీనికన్నా మేలైనవనీ, కీరవాణి చేసినవాటిలోనే ఇంతకు పది రెట్లు గొప్ప పాటలున్నాయనీ, మన దేశమే పట్టించుకోని పాటను తెల్లవాళ్లు వింతగా చూసి నెత్తిన పెట్టుకున్నారనీ ఆ వాదన సారాంశం. ఇందులో కొన్ని మాటలు పూర్తిగా తప్పు, కొన్ని నిజమే అయినా అసలు ప్రశ్నకు సంబంధించనివి, ఒకటి రెండు మాత్రం ఆలోచించదగ్గవి.

ముందుగా డబ్బు సంగతి. ఎనభై కోట్లు ఖర్చు పెట్టారన్న అంకె తెలుగు సినిమా రంగంలోని ఒక సీనియర్ నిర్మాత నోటివెంట వచ్చిన తరువాత విస్తృతంగా ప్రచారమైంది. ప్రచార బాధ్యతను దగ్గరుండి చూసుకున్న రాజమౌళి కుమారుడు కార్తికేయ మాత్రం ఐదు కోట్లలో ముగించాలనుకున్నది ఎనిమిదిన్నర కోట్ల దాకా వెళ్లిందని బహిరంగంగానే చెప్పారు. ఎవరి లెక్కను నమ్మాలన్నది పక్కన పెట్టినా, ప్రచారానికి ఖర్చు పెట్టడమే నేరమన్నట్టు మాట్లాడేవారు ఆ పోటీలో ఉన్న మిగతా పాటల వెనుక ఎవరున్నారో ఒక్కసారి చూడాలి. రిహాన్నా ‘లిఫ్ట్ మీ అప్’ వెనుక డిస్నీ వారి మార్వెల్, లేడీ గాగా ‘హోల్డ్ మై హ్యాండ్’ వెనుక పారమౌంట్ ఉన్నాయి. ఓటర్లకు ప్రత్యేక ప్రదర్శనలు వేయడం, పత్రికల్లో ప్రకటనలు ఇవ్వడం, కళాకారులను ఊరూరా తిప్పడం అక్కడ దశాబ్దాలుగా ఉన్న అలవాటు. డబ్బే తూకమైతే తూగవలసింది ఆ స్టూడియోలే. అదే పోటీలో ఉన్న ‘అప్లాజ్’ పాట రాసిన డయాన్ వారెన్‌కు అది పద్నాలుగో నామినేషన్. హాలీవుడ్‌లో ఆమెకున్నంత పలుకుబడి మన బృందంలో ఎవరికీ లేదు, అయినా ఆ రాత్రీ ఆమె పోటీ పురస్కారం లేకుండానే ఇంటికి వెళ్లారు.

ఓటింగు పద్ధతి తెలిస్తే ఈ ఆరోపణ ఇంకా పలచబడుతుంది. ఆ ఏడాది అర్హత పొందిన పాటలు 81. వాటిలోంచి 15 పాటలను, ఆ పదిహేనులోంచి తుది ఐదింటిని ఎంపిక చేసింది ఆస్కార్లు ఇచ్చే అకాడమీలోని సంగీత విభాగం సభ్యులు, అంటే వృత్తిరీత్యా సినిమాలకు సంగీతం కట్టేవారూ పాటలు రాసేవారూ. అకాడమీ సభ్యులందరూ ఓటు వేసేది ఆ తరువాత, చివరి దశలో మాత్రమే. వేల మంది ఓట్లను కొన్నారని అనాలంటే దానికి తగ్గ ఆధారం చూపాలి. ప్రచారానికి డబ్బు ఖర్చయిందన్న ఒక్క సంగతి ఆ ఆధారం కాజాలదు. ప్రచారం ఓటరును పాట దగ్గరికి తీసుకురాగలదనీ, అది లేకపోతే మన పాట వారి కంటపడేదే కాదనీ నేను ఒప్పుకుంటాను. అయితే 2022 సెప్టెంబరులో హాలీవుడ్ చైనీస్ థియేటర్‌లో టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు తెర ముందుకు వెళ్లి ఆడింది ఎవరి ప్రచారం వల్లా కాదు.

సాహిత్యం మీద వచ్చే ఆక్షేపణ మనవాళ్ల నుంచే ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పల్లవిలో ఒక మాట పదే పదే వస్తుందన్నది నిజమే. చరణంలోకి వెళ్లినవారికి కనబడేది మాత్రం వరుసగా పేర్చిన ఉపమానాల దండ: పొలం గట్టు దుమ్ములో దూకే పోట్లగిత్త, పోలేరమ్మ జాతరలో ఊగే పోతరాజు, కిర్రుచెప్పులు తొడుక్కుని చేసే కర్రసాము, మర్రి నీడన చేరిన కుర్రకారు, ఎర్రజొన్న రొట్టెలో కలిపిన మిరపతొక్కు. వీటిలో ఒక్కటి కూడా నాట్యం గురించి నేరుగా చెప్పదు. ఆట ఎలా ఉంటుందో చెప్పవలసిన చోట కవి దాని వేగాన్ని గిత్తలోను, పూనకాన్ని పోతరాజులోను, చప్పుడును చెప్పుల్లోను, ఘాటును తొక్కులోను చూపించాడు. చూపుకూ వినికిడికీ నాలుకకూ అందే వస్తువులన్నీ ఒకే ఊరి పొలిమేరలో దొరికేవే. ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చల్లగరిగలో పుట్టి పెరిగిన చంద్రబోస్‌కు వీటిని నిఘంటువులో వెతకవలసిన పని లేదు. ప్రతి పాదం ‘నట్టు’ అన్న ప్రత్యయంతో ముగిసి, ఆ ధ్వనే సాగి పల్లవిలోని ‘నాటు’లోకి ఒరిగిపోయే తీరును గమనించండి. చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు గాయకుడికి కుదుపు లేకుండా చేసిన ఈ కట్టుబడి పైపైన విన్నవారికి అందదు. పాటలో తొంభై శాతం ఒక పూటలో వచ్చేసిందనీ, మిగిలిన పది శాతానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందనీ ఆయన చెప్పిన మాట నమ్మదగినదిగా అనిపించేది ఇలాంటి చోటే.

ఇక బాణీ. పాశ్చాత్య పద్ధతిలో ఆరు బై ఎనిమిది అని రాసే, మనం తిశ్రగతి అనే నడకలో కీరవాణి దీన్ని కట్టారు. డప్పు దరువుల్లో, జాతర పాటల్లో తరతరాలుగా ఉన్న నడక అది; నాలుగు దెబ్బల లెక్కకు అలవాటుపడిన పాప్ సంగీత శ్రోతకు మాత్రం కాలు ఎక్కడ వేయాలో ముందు అర్థం కాదు, అర్థమైన తరువాత ఆపడం చేతకాదు. స్వరకల్పనలో లోతైన రాగ సంచారాలు లేవన్న విమర్శ వాస్తవమే. పందెం పాటకు అవి అడ్డు. నలుగురూ గొంతు కలపగలిగేంత చిన్న పరిధిలో స్వరాలను కట్టడి చేసి, భారమంతా లయ మీద మోపడం తెలిసి చేసిన పని.

డాన్సు వల్లే అవార్డు వచ్చిందన్న మాట అన్నింటికన్నా ఎక్కువ మంది నమ్మేది. దీనికి సమాధానం అకాడమీ నియమావళిలోనే ఉంది. పాట ఎంత సమర్థంగా పనిచేసింది, పనితనం ఎంత, సృజన ఎంత, మొత్తం కథా సందర్భంతో దానికున్న సంబంధం ఎంత అన్నవి కొలమానాలు. ఆ కొలతలన్నీ పాట సినిమాలో కనబడిన తీరును బట్టి మాత్రమే వేయాలని నియమం స్పష్టంగా చెబుతుంది. అంటే చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విని, తెర మీది దృశ్యాన్ని తీసేసి తూచమని ఆ అవార్డు ఎవరినీ అడగదు. ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులకు ఈ విజయంలో వాటా ఉంది, అది దాచవలసిన విషయం కాదు. ‘ఫ్లాష్‌డాన్స్’, ‘డర్టీ డాన్సింగ్’ చిత్రాల పాటలకు కూడా ఇదే అవార్డు వచ్చింది. ఆ పాటలను ఆటతో కలిపే జనం గుర్తుపెట్టుకున్నారు.

పాట సినిమాలో చేసే పని ఏమిటో చూడండి. దొరల విందులో జేక్ అనే ఇంగ్లీషు యువకుడు భీమ్‌ను, అతడితో పాటు భారతీయులందరినీ నాట్యం తెలియని మొరటువాళ్లని ఎగతాళి చేస్తాడు. రామ్ డ్రమ్ముల మీద దరువు అందుకుంటాడు. అక్కడి నుంచి అవమానానికి జవాబుగా మొదలైన ఆట, విందుకు వచ్చిన ఆడవాళ్లు కూడా కాలు కలిపే ఉత్సవంగా, ఆ తరువాత ఎవరు చివరిదాకా నిలుస్తారన్న పందెంగా మారుతుంది. ఇంగ్లీషువాళ్లు ఒక్కొక్కరే దుమ్ములో కూలబడ్డాక మిగిలేది మిత్రులిద్దరు. భీమ్ మనసుపడిన జెన్నీ అతడి గెలుపు కోసం కేకలు వేయడం చూసిన రామ్, కాలు పట్టేసినట్టు నటించి తనంతట తానే ఓడిపోతాడు. మాటల్లో చెబితే రెండు సన్నివేశాలు పట్టే స్నేహాన్ని ఆ ఒక్క పడిపోవడంలో చెప్పారు. కొద్దిసేపటికే ఈ ఇద్దరూ విరోధులుగా ఎదురుపడినప్పుడు ప్రేక్షకుడికి బాధ కలిగిందంటే అందుకు పునాది ఈ పాటే. కత్తిరించి పక్కన పెడితే కథ కుంటుపడే పాటలు మన సినిమాల్లోనే అరుదు.

మిగతా పోటీదారులతో పోల్చవలసింది ఈ కొలమానంతోనే. దివంగత నటుడు చాడ్విక్ బోస్‌మన్ స్మృతిలో రిహాన్నా పాడిన ‘లిఫ్ట్ మీ అప్’ నిజంగా హృద్యమైన పాట. ‘హోల్డ్ మై హ్యాండ్’లో గాగా గొంతుకు ఉన్న బలం గురించి రెండో మాట లేదు. అయితే ఈ రెండూ, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లోని ‘దిస్ ఈజ్ ఎ లైఫ్’ కూడా, కథ ముగిశాక టైటిళ్ల మీద వినిపించేవి. ముగింపు టైటిళ్లలో మొదటగా వచ్చే పాటకు నియమం ప్రకారం అర్హత ఉంది కాబట్టి అవి పోటీలో ఉండడం సబబే. కథలోపల నిలబడి కథను నడిపిన పాటను వాటికన్నా పైన పెట్టడం కూడా అంతే సబబు.

కీరవాణి ఇంతకన్నా గొప్ప పాటలు చేశారన్న మాటను ఖండించే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే అది నిజం. ‘అన్నమయ్య’కు ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు, ‘మాతృదేవోభవ’లో ‘రాలిపోయే పువ్వా’ రాసినందుకు వేటూరికి జాతీయ పురస్కారం వచ్చింది, ఆ పాటకు బాణీ కట్టి పాడింది కీరవాణే. అయితే ఆ సినిమాలు 1997, 1993 నాటివి. ఆస్కార్ ఒక ఏడాది సినిమాల్లోని పాటలకు ఇచ్చేది తప్ప జీవిత సాఫల్యానికి ఇచ్చేది కాదు. ‘కొమురం భీముడో’ను ముందుకు తెస్తే మాత్రం వాదనకు బరువు వస్తుంది. సుద్దాల అశోక్ తేజ రాయగా కాలభైరవ పాడిన ఆ పాట, కొరడా దెబ్బల మధ్య భీమ్ మోకరిల్లనని నిలబడే ఘట్టంలో వచ్చి, చూస్తున్న జనాన్ని తిరగబడేలా చేస్తుంది. కథా సంబంధం అన్న కొలమానం మీద అది దేనికీ తీసిపోదు. వ్యక్తిగతంగా నాకు ఆ పాటే ఎక్కువ ఇష్టం. కాని తుది ఐదింటిలో ఉన్నది ‘నాటు నాటు’. ఓటరు ముందున్న ప్రశ్న ఆ ఐదింటిలో ఏది అన్నది మాత్రమే.

మన దేశమే గుర్తించలేదన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలగాపులగమయ్యాయి. ఆ ఏడాది భారత్ తరఫున అధికారికంగా వెళ్లిన ‘ఛెల్లో షో’ అంతర్జాతీయ చిత్రాల విభాగానిది. పాటల విభాగానికి దేశం ఎంపికతో పని లేదు, నిర్మాతలే నేరుగా పంపుకోవచ్చు. రెండోది జాతీయ అవార్డులు. 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచయిత చంద్రబోసే, కాకపోతే ‘కొండపొలం’ పాటకు, పాటల సంగీతానికి ‘పుష్ప’తో దేవిశ్రీ ప్రసాద్ గెలిచారు, కీరవాణికి ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతానికి, ప్రేమ్ రక్షిత్‌కు నృత్య దర్శకత్వానికి పురస్కారాలు వచ్చాయి. జాతీయ అవార్డుల్లో ఆటకూ పాటకూ మాటకూ విడివిడి పురస్కారాలున్నాయి కాబట్టి ఒకే పాట పనిని ముగ్గురి మధ్య విడదీసి చూడగలిగారు. ఆస్కార్‌లో నృత్య దర్శకత్వానికి పోటీ విభాగమే లేదు.

వింత చూసి ఓటేశారన్న మాట చివరిది. ఇంగ్లీషేతర పాట అన్న కారణానికే ఓటు పడుతుందనుకుంటే అలాంటి విజయాలు ఎన్నో ఉండాలి. గ్రీకు పాట ఒకటి 1960 నాటి చిత్రానికీ, స్పానిష్ పాట ఒకటి ‘మోటార్‌సైకిల్ డైరీస్’కూ, ఆ తరువాత 2009లో బ్రిటిష్ నిర్మాణమైన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’లోని ‘జయ్ హో’కూ తప్ప పెద్దగా కనబడవు. ‘నాటు నాటు’ లిరికల్ వీడియో 2021 నవంబరులోనే విడుదలై, సినిమా రాకముందే మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపుల దాకా చేరింది. తెల్లవాళ్లు మెచ్చుకున్నాక మనం మెచ్చుకోలేదు. తెలుగు రాని ఓటరుకు పోలేరమ్మ, మిరపతొక్కు ఉపశీర్షికల్లో సగమే అందుతాయన్నది కాదనలేని లోటు, అయితే ఆ లోటు మన పాటకు నష్టం చేసేదే కాని లాభం చేసేది కాదు. ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడుతుండగా ఆడినవారిలో దక్షిణాసియా నర్తకులు కనబడకపోవడం మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. దానికి జవాబు చెప్పవలసింది ఆ ప్రదర్శనను ఏర్పాటు చేసినవారు. ఓటింగు అప్పటికే ముగిసి, ఫలితం కవరులో ఉంది.