‘పొగ త్రాగుట నేరము’ బోర్డు గారికి బహిరంగ లేఖ

అయ్యా బోర్డు గారూ,

మా బస్టాండులో మూడో ప్లాట్‌ఫారం స్తంభానికి వేలాడుతున్న తమరికి ప్రయాణికులం రాసుకునే మనవి.

తమరి ఓర్పుకు దండాలు. సరిగ్గా తమరి కిందే నిలబడి బీడీ వెలిగించినా ఉలకరు, పలకరు. మొన్న ఒకాయన సిగరెట్ పీకను తమరి అంచుకే నొక్కి ఆర్పాడు. ఆయనకు చదువు రాదనుకుందామంటే చంకలో దినపత్రిక ఉంది.

తమరి జాతకం మాకు తెలుసు. తల్లి 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం. 2008లో గాంధీ జయంతి నాడు అమల్లోకి వచ్చిన నిబంధనలు తమరికి 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, తెల్లటి ఒళ్లు ప్రసాదించాయి. ‘ఇది ఆరుబయలే కదా’ అని లా పాయింటు తీసే పెద్దమనుషులకు కూడా వాటిలోనే జవాబుంది: జనం వచ్చిపోయే బస్టాండు, రైల్వే స్టేషన్ బయలు లెక్కలోకి రావు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తమరి అడుగున ‘ఫిర్యాదు చేయవలసిన వారు’ అని రాసి, ఎదురుగా ఖాళీ గీత ఒకటి వదిలారే, గొడవంతా దానితోనే. అక్కడ పేరు ఎందుకు లేదో మాకు ఆలస్యంగా అర్థమైంది. ఫిర్యాదు అందాక కూడా పట్టించుకోకపోతే, ఎంతమంది కాలిస్తే అన్ని జరిమానాలు ఆ చోటికి బాధ్యుడైన ఆసామి నెత్తినే పడతాయట. ఒక్కోటి 200 రూపాయల దాకా. మన బస్టాండులో ఒక్క సాయంత్రం లెక్కగడితే పాపం ఆయన జీతం ఏ మూలకు? పేరు రాయడానికి ఇన్నేళ్లుగా పెన్ను దొరక్కపోవడంలో వింతేముంది!

చండీగఢ్‌లో తమరి చుట్టాలకు ఈ అవస్థ రాకూడదని బర్నింగ్ బ్రెయిన్ సొసైటీ అనే పౌరుల సంస్థ సమాచార హక్కు కింద అర్జీల మీద అర్జీలు పెట్టి ఆఫీసుల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. 2007లో ఆ ఊరు పొగరహిత నగరమని ప్రకటించుకుంది. అంటే చట్టం చేసి పెట్టాక కూడా వెంటపడే జనం కావాలన్నమాట. మాకు ఆ ఓపిక ఇప్పుడిప్పుడే వస్తోంది.

మేమూ ఒక అర్జీ పెట్టాం. ఆ గీత మీద ఉండాల్సిన పేరు ఎవరిది, ఈ ఏడాది ఎన్ని జరిమానాల రశీదులు చింపారు, అని. జవాబుకు 30 రోజుల గడువు. ఈలోగా తమరిని పీకేసి ఆ చోట పాన్ మసాలా ప్రకటన పెడతామని ఎవరైనా వస్తే, స్తంభాన్ని గట్టిగా పట్టుకోండి. మేం వచ్చేస్తాం.

ఇట్లు,
కాల్చకుండానే రోజూ పొగ పీలుస్తున్న ప్రయాణికులు