అడగకుండా పెంచిన పన్ను, చెప్పకుండా మోపిన అప్పు

(ఏప్రిల్ రెండో వారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నలభై ఏళ్లకు పైగా ఉంటున్న మామయ్య ముందు పన్నుల కాగితాలు పరిచి ఉన్నాయి. అదే రాష్ట్రంలో ప్రభుత్వ బడిలో గణితం చెప్పే మేనల్లుడు ఎదురుగా కూర్చున్నాడు. పన్నుల గురించి ఎన్నికల్లో ఇచ్చిన మాటను గెలిచాక దాటవచ్చా అన్నది వాదం.)

మామయ్య: పన్ను గురించి ఇచ్చే మాట మిగతా హామీల వంటిది కాదు, నాయనా. వంతెన కడతానని కట్టకపోతే నాకు వంతెన రాదు, అంతే. పన్ను పెంచనని చెప్పి పెంచితే మాత్రం నా అనుమతి లేకుండా నా కష్టార్జితంలోంచి తీసుకున్నట్టే. 1989లో డెమొక్రాట్ జేమ్స్ ఫ్లోరియో కొత్త పన్నుల అవసరం కనిపించడం లేదని చెప్పి గవర్నరుగా గెలిచారు. ఆయనకు నేనూ ఓటు వేశాను. పదవిలోకి వచ్చి ఆరు నెలలైనా గడవకముందే దాదాపు 280 కోట్ల డాలర్ల పన్నులు పెంచారు. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 3.5 శాతం నుంచి 7 శాతానికి, అమ్మకపు పన్ను 6 శాతం నుంచి 7 శాతానికి వెళ్లాయి. చివరికి టాయిలెట్ పేపర్ మీద కూడా పన్ను పడింది.

మేనల్లుడు: మామయ్యా, ఆ డబ్బు దేనికోసమో కూడా చెప్పండి. క్యామ్డెన్, జెర్సీ సిటీ వంటి పేద పట్టణాల పిల్లల తరఫున 1981లో అబాట్ కేసు వేశారు. ఆ పిల్లల బడులకు సంపన్న శివారు బడులతో సమానంగా నిధులు అందాలని 1990 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పైగా పాత ప్రభుత్వం వదిలి వెళ్లిన లోటు ఉంది. ఒక తరం పిల్లలు చదువు కోల్పోతుంటే, గవర్నరు తన పాత మాటను తలచుకుంటూ చేతులు కట్టుకుని కూర్చోవాలా?

మామయ్య: తీర్పు వచ్చింది జూన్‌లో. పన్నుల ప్రతిపాదన మార్చి బడ్జెట్‌లోనే ఉంది. కేసు ఎనిమిదేళ్లుగా నడుస్తోందని, ఖజానాలో లోటు ఉందని ఎన్నికలనాటికి రాజకీయాల్లో ఉన్నవారికి తెలియదా? తెలిసిన సంగతిని జనం ముందు పెట్టి, ‘ఇంత ఖర్చు రాబోతోంది, ఇంత పన్ను వేస్తాను, ఒప్పుకుంటే ఓటు వేయండి’ అని అడిగి గెలిచి ఉంటే, ఆ పన్ను నాకు నచ్చకపోయినా కట్టి ఊరుకునేవాణ్ణి. పిల్లల చదువుకు ఖర్చు పెట్టమని కోర్టు చెప్పింది గాని, ఓటరు దగ్గర దాచమని చెప్పలేదు. అందుకే 1991లో శాసనసభ రెండు సభల్లోనూ రిపబ్లికన్లకు గవర్నరు వీటోను సైతం తోసిపుచ్చగల బలం ఇచ్చాం. మరుసటి ఏడాదే అమ్మకపు పన్ను మళ్లీ 6 శాతానికి దిగింది. 1993లో ఫ్లోరియో మీద గవర్నరు పదవికి పోటీ చేసిన రిపబ్లికన్ క్రిస్టీన్ టాడ్ విట్మన్ ఆదాయపు పన్నును మూడేళ్లలో 30 శాతం తగ్గిస్తానన్నారు. ఒక శాతం ఓట్ల తేడాతో గెలిచి, చెప్పిన గడువుకు ముందే తగ్గించి చూపించారు. మాట నిలబెట్టుకోవడమంటే అదీ.

మేనల్లుడు: ఆ మాట ఎలా నిలబడిందో నా వంటి ఉపాధ్యాయుణ్ణి అడగండి. పన్ను తగ్గింది గాని ఖర్చు ఆ మేరకు తగ్గలేదు. పెన్షన్ నిధికి రాష్ట్రం ఏటా కట్టవలసిన సొమ్మును కుదించారు. 1997లో ఆ నిధి పేరు మీద దాదాపు 280 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. ఫ్లోరియో ఒక్కసారి పెంచిన పన్ను ఎంతో, సుమారుగా అంతే అప్పు! నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ అప్పు తీరనే లేదు. ఫ్లోరియో మిమ్మల్ని అడగకుండా మీ దగ్గర తీసుకున్నారని అంటున్నారు. బాండ్లు అమ్మిన రోజున బడిలో కూర్చున్న పిల్లలను ఎవరు అడిగారు?

మామయ్య: అప్పు కూడా పన్నే, కాదనను. అయితే తప్పు పన్ను తగ్గించడంలో లేదు, ఖర్చు తగ్గించే ధైర్యం లేకపోవడంలో ఉంది. పన్ను కోత, ఖర్చు కోత జోడెడ్ల వంటివి. ఒకదాన్ని విప్పేసి రెండోదానితో దున్నితే నాగటి చాలు వంకరగా పోతుంది.

మేనల్లుడు: ఆ రెండో ఎద్దును ఎన్నికల సభకు తోలుకొచ్చిన నాయకుణ్ణి మీరెన్నడైనా చూశారా? ఏ బడికి, ఏ ఆసుపత్రికి కోత పెడతారో చెప్పి ఓట్లు అడగరు. చెప్పని కోత చివరికి పట్టణాల మీద పడుతుంది, పట్టణం మీ ఇంటి మీద వేస్తుంది. 2017లో న్యూజెర్సీ ఇంటి ఆస్తి పన్ను సగటు 8,690 డాలర్లు. సరిగ్గా ఆ ఏడాదే మీ రిపబ్లికన్ పార్టీ వాషింగ్టన్‌లో చేసిన చట్టం, కేంద్ర ఆదాయపు పన్ను లెక్కలో రాష్ట్ర, స్థానిక పన్నులకు ఇచ్చే మినహాయింపును 10,000 డాలర్లకు పరిమితం చేసింది.

మామయ్య: ఆ పరిమితి నా జేబుకూ చిల్లు పెట్టింది, అయినా దాని వెనుక న్యాయం ఉంది. మన రాష్ట్రం ఎంత ఖర్చు పెడితే అంత భారం మనకే తెలియాలి. మన స్థానిక పన్నులకు ఇచ్చిన రాయితీ లోటును టెన్నెసీలో చిన్న ఇల్లున్నవాడు ఎందుకు పూడ్చాలి? మరుసటి ఏడాది ఎన్నికల్లో న్యూజెర్సీ నుంచి ప్రతినిధుల సభకు వెళ్లే రిపబ్లికన్లు ఐదుగురి నుంచి ఒక్కరికి పడిపోయారు. 2025లో ఆ పరిమితిని 40,000కు పెంచినప్పుడు నా పార్టీయే ఆ న్యాయాన్ని వదిలేసిందని నాకు బాధ కలిగింది.

మేనల్లుడు: ఒక్క ప్రశ్న. బాండ్లు అమ్మిన 1997లోనే విట్మన్ మళ్లీ పోటీ చేసి బొటాబొటిగా గెలిచారు. ఆమెకే వేశారా?

మామయ్య: వేశాను. బాండ్ల సంగతి పత్రికల్లో చదివాను. ఈ ఏడాది నా బిల్లు పెరగదు కదా అనుకున్నాను. నీ పెన్షన్ గురించి గాని, అప్పటికి పుట్టని వాళ్ల గురించి గాని ఆలోచించలేదు. ఆ ఓటుకు నీ ముందు నేను జవాబుదారీనే. కాని ఫ్లోరియోను దించిన ఓటును మాత్రం వెనక్కి తీసుకోను.