పెరట్లోకి పంపిన టీవీ

1995 అక్టోబరు 24 ఉదయం మా అమ్మమ్మగారింట్లో తలుపులన్నీ మూసేశారు. నీళ్ళ బిందెల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు పడ్డాయి. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా ఒక సన్నని దారిలోనే కనిపించింది. మా గుంటూరు జిల్లా వాటాకు వచ్చింది పాక్షికమే. దర్భలకు ఆ తేడా పట్టదు కదా.

మూసిన ఇంట్లో వెలుగుతున్నది టీవీ ఒక్కటే. దూరదర్శన్ గ్రహణాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తోంది. తెల్లజుట్టు ప్రొఫెసర్ యశ్‌పాల్ ఆడపిల్ల పెళ్ళి చేస్తున్న పెద్దాయనలా హడావిడి పడుతూ వివరిస్తున్నారు. ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదనీ, చిన్న కంత గుండా పడే వెలుగులో చూడవచ్చనీ మాత్రం బుర్రకెక్కింది. అందరూ తెర మీద గ్రహణ సూర్యుడి అంచున మెరిసే వజ్రపుటుంగరానికి కళ్ళప్పగించి ఉండగా నేను పెరటి తలుపు గడియ తీశాను. వేపచెట్టు కింద నేలంతా నెలవంకలు. ఆకుల సందుల్లోంచి పడిన ప్రతి వెలుగుచుక్కా ఒక కొరికిన సూర్యుడే. తిట్లు తర్వాత పడ్డాయి. అమ్మమ్మ మాత్రం తిడుతూనే గడప దాకా వచ్చి, తొంగి చూసి వెళ్ళింది.

దీనికి పదిహేనేళ్ళ ముందు, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ గ్రహణం సాక్షాత్తూ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం మీదుగానే వెళ్ళింది. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకుని కూర్చున్నారు. దూరదర్శన్ ఏం చేసిందంటే, జనం ఇళ్ళు కదలకుండా ఆ మధ్యాహ్నం సినిమా వేసింది. రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయని మా నాన్నగారు చెప్పేవారు. ఆ సినిమా చూసిన వాళ్ళలో ఆయనా ఒకరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది.

అదే పెట్టె ఒకసారి జనాన్ని లోపల కట్టేసింది, ఇంకోసారి నన్ను బయటికి తోసింది. అప్పటి నుంచీ ఖగోళ కార్యక్రమానికి నేను పెట్టే పరీక్ష ఇది: అయిపోయాక నా కాళ్ళు చెప్పులు వెతుక్కున్నాయా లేదా?

2003లో ఉద్యోగం మీద ఈ దేశం, బ్రిటన్, వచ్చి, ఒక ఇరుకు గదిలో అద్దెకు దిగాను. ఆదివారం బాగా పొద్దుపోయాక, నిద్రపట్టక టీవీ పెడితే బీబీసీలో ఒంటికంటి అద్దం పెట్టుకున్న ఓ భారీ పెద్దాయన ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నారు. సర్ ప్యాట్రిక్ మూర్. ఆయన ఖగోళ కార్యక్రమం ‘ద స్కై ఎట్ నైట్’ 1957 ఏప్రిల్ 24న మొదలైంది. ఆరెండ్-రోలాండ్ తోకచుక్క కనిపిస్తున్న రోజులవి, స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా ఆర్నెల్లుంది. 2012 డిసెంబరులో కన్నుమూసేదాకా నెలనెలా ఆయనే నడిపారు. మధ్యలో తప్పింది ఒక్క నెల, 2004 జులైలో, పెద్దబాతు గుడ్డు తిని వికటించి ఆసుపత్రి పాలైనప్పుడు. ప్రత్యక్ష ప్రసారంలో నోట్లోకి ఈగ దూరితే గుటుక్కున మింగి మాట ఆపని మనిషిని ఓడించడానికి పెద్దబాతు కావలసి వచ్చింది.

ఆ కార్యక్రమంలో పాలపుంతలు గిర్రున తిరగడాలూ, గుండెలదిరే సంగీతమూ ఉండేవి కావు. ఒక గది, ఇద్దరు మనుషులు, నాలుగు ఫొటోలు. నాకు పనికొచ్చింది ఈ నెల ఆకాశంలో ఏముందో చెప్పే ఆ కాసేపు. ఫలానా వేళ, ఫలానా దిక్కు, ఫలానా చుక్క పక్కన. చెప్పేసి వెళ్ళిపోయేవారు. మిగతా పని మనది. చలికోటు తగిలించుకుని మెట్లు దిగితే, పదిసార్లలో ఏడుసార్లు మబ్బు. ఈ దేశపు ఆకాశం సంగతి మీకు నేను చెప్పాలా?

మూర్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. సొంత దుర్బిణులతో చంద్రుడి పటాలు గీసుకుంటూ పెద్దవాడైన ఔత్సాహికుడు. మనకూ అలాంటివారున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల కట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడిచి వెళ్ళడాన్ని అక్కడి నుంచే పరిశీలించి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. 2004 జూన్ 8న అదే శుక్రుణ్ణి అట్టముక్క మీద పడ్డ సూర్యబింబంలో నల్లచుక్కగా చూస్తున్నప్పుడు నాకు విశాఖే గుర్తొచ్చింది.

మొదట దుర్బిణి కొనకండి, మంచి బైనాక్యులర్ కొనండి అని మూర్ చెప్పీ చెప్పీ అలిసిపోయారు. నేను వినలేదు. డబ్బా మీద 525 రెట్లు అని అచ్చేసిన దుర్బిణిని ఓ పెద్ద దుకాణంలో కొన్నాను. దాని ముక్కాలిపీట నేను ఊపిరి వదిలితే వణికేది. శనిగ్రహం అందులో కోనసీమ గోదారిలో పడవ దీపంలా ఊగింది. రెండు నెలలకు అది అటక ఎక్కింది. తర్వాత కొన్న 10x50 బైనాక్యులర్ ఇప్పటికీ తలుపు పక్క మేకుకు వేలాడుతోంది. మోచేతులు పిట్టగోడకు ఆనించి పట్టుకుంటే గురుగ్రహం చుట్టూ ఉపగ్రహాలు కనిపిస్తాయి. పెద్దవి నాలుగూ ఒకేసారి కనబడితే ఆ రోజు పండగే.

ఇప్పటి ఖగోళ ధారావాహికలు కన్నుల పండుగ, కాదనను. నా ఫిర్యాదల్లా వాటి రంగులతోనే. తెర మీద ఎర్రగా, నీలంగా పొంగే నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని వాయుధూళి మేఘాలు, కెమెరాలు గంటల తరబడి వెలుగు కూడబెట్టి తీసినవి. మన కంటికి అంత ఓపిక లేదు. అవి చూసి పెరిగిన పిల్లాడికి మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాను చూపిస్తే, బూడిదరంగు మరకను చూసి ‘ఇంతేనా?’ అంటాడు. ఆ మరకలోంచి వచ్చే వెలుగు 25 లక్షల సంవత్సరాల కిందట బయల్దేరిందని చెప్పినా అప్పటికే మొహం తిప్పేసుకుని ఉంటాడు. తెర మీదే అంతా చూపించేస్తే గుమ్మం దాటడానికి కారణమేముంది? కంటికి నిజంగా ఎలా కనిపిస్తుందో ఆ పక్కనే ఒక్క నిమిషం చూపిస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది?

భారీ కార్యక్రమాలన్నీ ఇంతేనని కాదు. 2011 జనవరిలో జోడ్రెల్ బ్యాంక్ వేధశాల నుంచి భౌతికశాస్త్రవేత్త బ్రయన్ కాక్స్, హాస్యకారుడు డారా ఓబ్రియన్ మొదలుపెట్టిన ‘స్టార్‌గేజింగ్ లైవ్’ జనాన్ని నిజంగానే వీధుల్లోకి తెచ్చింది. టెలిస్కోపుల అమ్మకాలు అమాంతం పెరిగాయని పత్రికలు రాశాయి. 2017లో ఆస్ట్రేలియాలో అదే పేరుతో నడిచిన కార్యక్రమం కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు సమాచారాన్ని ప్రేక్షకుల ముందు పెట్టి వెతకమంది. ఆ వెతుకులాటలో కె2-138 అనే నక్షత్రం చుట్టూ గ్రహాల కుటుంబం ఒకటి బయటపడింది. చూసేవాడికి పని అప్పగించడమంటే ఇది.

ఇక మన ఇళ్ళలో మోగే తెలుగు ఛానళ్ళు. తెల్లారితే గురుడు, శని, రాహుకేతువులు. ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో, ఎవరి మీద కన్నేసిందో చెబుతారు. ఫలితాల జోలికి నేను వెళ్ళను, అది ఎవరి నమ్మకం వారిది. గురుడు మిథునంలో ఉన్నాడని చెప్పే పెద్దమనిషి, రాత్రి ఎనిమిదికి బయటికెళ్ళి చూడండి, అదిగో అక్కడున్నాడు అని ఒక్క ముక్క కలిపితే గురుడికేమైనా కోపమొస్తుందా? 2026 జనవరిలో గురుడు నిజంగానే మిథునంలో, పునర్వసు జంట చుక్కల దాపున వెలిగిపోయాడు. పంచాంగం చూసి ఆకాశంలో వెతుక్కోవచ్చు. ఇంత సులువైన ఖగోళ కార్యక్రమం చేతిలో ఉండి కూడా మన ఛానళ్ళు దాన్ని అదృష్ట సంఖ్యలకే వాడుతున్నాయి.

పంచాంగం పేరెత్తాను కాబట్టి కార్తెల గురించీ చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని వినని తెలుగువాడు ఉండడు. ఆ రోహిణిని చూసినవాళ్ళెందరు? మే చివర్లో సూర్యుడు ఆ నక్షత్రం ముందుకొచ్చి నిలబడతాడు కాబట్టి ఆ కార్తెలో అది కనిపించే ప్రశ్నే లేదు. చలికాలం రాత్రుళ్ళు నడినెత్తికి దగ్గరగా వస్తుంది. ఎండలకు పేరు పెట్టిన చుక్కను ఇక్కడ మనం గడ్డకట్టే చలిలో, చెవులు మూసుకుని చూడాలి.

మొన్న సంక్రాంతి వేడుకల్లో చూశాం కూడా. హాల్లో నాలుగో సినిమా పాటకు పిల్లలు గంతులేస్తుండగా నా బైనాక్యులర్ పట్టుకుని వెనక కార్ల స్థలంలోకి నడిచాను. మబ్బు ఓ ఇరవై నిమిషాలు దయతలచింది. ముగ్గురు పిల్లలు వెంటవచ్చారు, తర్వాత పన్నెండు మంది అయ్యారు. గురుడి ఉపగ్రహాల కోసం తోసుకుంటున్నారు. వాళ్ళ వెనక శాలువా కప్పుకుని ఒక పెద్దావిడ, మనవల్ని చూడటానికి ఆరు నెలల వీసా మీద వచ్చినావిడ, తలెత్తి నిలబడ్డారు. నేను కృత్తికల వైపు వేలు చూపించి పేరు చెప్పబోయాను.

“అది మా పిల్లలకోడి కదా బాబూ” అన్నారు. “కుప్ప కాపలా పడుకున్నప్పుడు దాన్ని చూసే మా ఆయన పొద్దు చెప్పేవారు. ఇక్కడికీ వస్తుందా?”

వస్తుందమ్మా అన్నాను. ఆవిడ అక్కడి నుంచి వేలు కొంచెం కిందికి జరిపి, ఎర్రటి చుక్క దగ్గర ఆపి, “మరి ఇదేమిటి?” అని అడిగారు. రోహిణి అని చెప్పేసరికి ఆవిడ నవ్వు ఆగలేదు. శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుని, “ఇంత చలిలోనా?” అన్నారు. లోపల మైకులో భోజనాలకు పిలుపు వచ్చింది. ఎవరూ కదల్లేదు. మబ్బు వచ్చాకే కదిలారు.