ఆవకాయలోకి మూడు క్వింటాళ్ల ఉప్పు

సొంత నోట్సుకు వికీ పెట్టుకుని, దాన్ని ఫోన్లోనూ లాప్‌టాప్‌లోనూ నడిపే ప్రతి ఒక్కరికీ సింక్ ప్రోగ్రాము పెట్టే ఆ ఆకుపచ్చ టిక్కు పరిచయమే. "అంతా తాజాగా ఉంది" అంటుంది. దాని నోట అబద్ధం రాదు. లాప్‌టాప్‌లో చెయ్యి జారి ఒక ఫోల్డరు చెరిగిపోయిందనుకోండి. ఆ చెరిగిపోవడాన్ని భక్తిశ్రద్ధలతో గమనించి, ఫోనుకూ ట్యాబుకూ అదే ప్రసాదం పంచి, ఆ తర్వాతే టిక్కు పెడుతుంది. మూడుచోట్లా ఏమీ లేదు. మూడుచోట్లా లేనిది ఒకటే. కాబట్టి అంతా తాజా.

సింక్ వేరు, బ్యాకప్ వేరు అని తెలిసినవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. సింక్ ఇచ్చిన మాట ఒక్కటే: అన్నిచోట్లా ఒకేలా ఉంచుతానని. మీరు రాసింది ఉంచుతానని అదెప్పుడూ అనలేదు. ఉంచుతానని మనకు మనమే అనుకుని, ఏడాదికింత కట్టి, నిద్రపోయాం.

ఈ శాస్త్రాన్ని పరీక్షించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. వికీలో "ఆవకాయ పాళ్లు" అని ఒక పేజీ చాలు. అందులో ఒక వాక్యం: రెండు కిలోల ముక్కలకు ఉప్పు 250 గ్రాములు. ఫోను పట్టుకుని ఒకాయన ఊరెళ్లాడు. అక్కడ సిగ్నల్ లేదు. "ఒరేయ్, కిందటేడు బూజు పట్టింది, ఉప్పు తక్కువై. పెంచు" అని అమ్మ అంది. 250 మొత్తం చెరిపి 300 అని కొట్టాడు. అదే పూట ఇంట్లో ఆయన అత్తగారు "మూడొందల యాభై వెయ్యమ్మా, ఏడాదంతా నిలవుండాలి" అన్నారని ఆయన భార్య లాప్‌టాప్‌లో 250 చెరిపి 350 అని కొట్టింది. సాయంత్రం ఆయన ఇల్లు చేరాడు. రెండు పరికరాలూ ఒకే వైఫైలో కలుసుకున్నాయి. ఇప్పుడు ఉప్పెంత?

ముందుగా ఏకఫైలు సంప్రదాయం. జెరెమీ రస్టన్ 2004లో విడుదల చేసిన టిడ్లీవికీ దీనికి మూలపురుషుడు. వికీ మొత్తం, దాన్ని నడిపే ప్రోగ్రాముతో సహా, ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. నిజంగా అందమైన ఆలోచన, వెక్కిరించడానికి నోరు రాదు. కానీ బ్రౌజరు తనంతట డిస్కు మీద రాయకూడదు కదా. అందుకని సేవ్ నొక్కినప్పుడల్లా వికీ తన కొత్త ప్రతిని తానే డౌన్‌లోడ్ చేసుకుంటుంది. వికీ, వికీ(1), వికీ(2), వికీ(3). ఫైర్‌ఫాక్స్‌లో ఈ బాధ తప్పించే టిడ్లీఫాక్స్ అనే పొడిగింపు ఉండేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాతకాలపు పొడిగింపులన్నిటినీ సాగనంపింది, దాంతోపాటు అదీ పోయింది.

ఇక్కడ ఉప్పు కోసం యుద్ధం కూడా అక్కర్లేదు. ఫోన్లో ఉప్పు మార్చి, లాప్‌టాప్‌లో కరెంటు బిల్లు గురించి రాసినా గొడవే, ఎందుకంటే ఫైలు ఒకటే. అంతకన్నా ఘోరం, పొద్దుటినుంచీ లాప్‌టాప్‌లో తెరిచి వదిలేసిన ట్యాబు. కింద డిస్కు మీదికి ఫోన్నుంచి కొత్త ఫైలు వచ్చి కూర్చుంది. ట్యాబు జ్ఞాపకంలో మాత్రం పొద్దుటి వికీయే ఉంది. అక్కడ ఒక కామా మార్చి సేవ్ కొడితే పాత వికీ వెళ్లి కొత్తదాని నెత్తిన కూర్చుంటుంది. సింక్ ప్రోగ్రాము దృష్టిలో ఇది గొడవే కాదు, మామూలు కొత్త మార్పు. వెంటనే ఫోనుకు పంపిస్తుంది. ఇందుకు మందు ఉంది: ఫైలును, నెట్ ద్వారా ఫైళ్లు రాయనిచ్చే వెబ్‌డావ్ సర్వరు మీద పెట్టి అక్కణ్నుంచే తెరిస్తే, టిడ్లీవికీ సేవ్ చేసేముందు ఈ-ట్యాగ్ అనే ఫైలు వెర్షను గుర్తు సరిచూసుకుని, ఫైలు ఈలోగా మారి ఉంటే మొరాయిస్తుంది. లేదా నోడ్ అనే జావాస్క్రిప్ట్ సర్వరు ప్రోగ్రాము మీద నడిపితే ఒక్కో నోటుకు ఒక్కో టిడ్ ఫైలు. అయితే వెబ్‌డావ్‌కీ నోడ్‌కీ సర్వరు కావాలి, సర్వరుకు సిగ్నల్ కావాలి, అమ్మ దగ్గర సిగ్నల్ లేదు.

రెండోది సింక్‌థింగ్ ధర్మపీఠం. ఈ సింక్ ప్రోగ్రాములో మధ్యలో ఏ కంపెనీ లేకుండా పరికరాలు నేరుగా మాట్లాడుకుంటాయి. అయితే మాట్లాడుకోవాలంటే రెండూ ఒకే సమయంలో మేలుకుని ఉండాలి. లాప్‌టాప్ మూత తీసినప్పుడు ఫోన్లో బ్యాటరీ ఆప్టిమైజేషన్ వచ్చి సింక్‌థింగ్ పీక నొక్కుతుంది. ఫోన్లో దాన్ని లేపి కూర్చోబెట్టేసరికి లాప్‌టాప్ మూసి ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ వెలిగుండే మూడో పరికరం, పాత ఫోనో రాస్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరో, పెట్టనిదే ఈ దంపతులకు ముహూర్తం కుదరదు.

కలిశాక తీర్పు చెప్పే పద్ధతి చూడండి. ఉప్పు సంగతి దానికి అనవసరం. ఏ ఫైలు మార్పు సమయం పాతదో అది ఓడినట్టు. ఓడినదాని పేరు వెనక సింక్-కాన్‌ఫ్లిక్ట్, తేదీ, టైము, పరికరం గుర్తింపులోంచి ఏడక్షరాలు తగిలిస్తుంది. అంటే ఎవరి గడియారం ముందుంటే వాళ్ల ఉప్పు. ఫోన్ టైము చేత్తో పది నిమిషాలు ముందుకు పెట్టుకున్నవాడు జీవితంలో ఏ వాదనలోనూ ఓడడు. రెండు సమయాలూ సరిగ్గా ఒకటైతే? అప్పుడు పరికరం గుర్తింపు సంఖ్యలోని మొదటి 63 బిట్లు పోల్చి, ఎక్కువ ఉన్నదాన్ని ఓడిస్తుంది. జాతకం చూసి తీర్పు చెప్పినట్టు! అయినా సింక్‌థింగ్‌ను తిట్టబుద్ధి కాదు. ఓడినదాన్ని పారెయ్యదు, పక్కన పెడుతుంది. ఆ పక్కన పెట్టిన ఫైలు కూడా మామూలు ఫైలే కాబట్టి దాన్నీ అన్ని పరికరాలకూ పంచుతుంది. వికీలో వెతికితే రెండు ఆవకాయలు కనబడతాయి. తొందరలో ఉన్నవాళ్లు తప్పు ఆవకాయలో రాస్తారు.

నోట్లు రాయకపోయినా గొడవ ఫైళ్లు పుట్టించే మహానుభావుడు ఇంకొకడున్నాడు. అబ్సిడియన్ అనే నోట్ల యాప్ వాడేవాళ్లకు వర్క్‌స్పేస్.జేసన్ తెలుసు. ఏ పేజీ తెరిచి ఉందో, ఏ పక్క పట్టీ ముడుచుకుని ఉందో రాసుకునే ఫైలు. మీరు ఊరికే చూసినా మారుతుంది. రెండు కంప్యూటర్లు ఉన్నవాళ్లు దాన్ని, సింక్‌థింగ్ ముట్టుకోకూడని ఫైళ్ల పేర్లుండే ఎస్‌టీఇగ్నోర్ ఫైల్లో చేర్చాలి. ఆ ఎస్‌టీఇగ్నోర్ మాత్రం సింక్ కాదు, ప్రతి పరికరంలోనూ విడిగా రాసుకోవాలి.

ఇక అసలైన ప్రగతి. గొడవ అన్న మాటే లేకుండా చేసే విద్య, సీఆర్‌డీటీ. 2011లో ఫ్రాన్స్, పోర్చుగల్ పరిశోధకులు దీనికి పద్ధతిగా నిర్వచనం ఇచ్చారు. ప్రతి అక్షరానికీ ఒక గుర్తింపు ఉంటుంది. ఎవరు ఏ క్రమంలో ఏం మార్చినా, మార్పులన్నీ చేరాక అందరి దగ్గరా ఫలితం ఒకటే అవుతుంది. గణితం తిరుగులేనిది. ఆవకాయ మీద ప్రయోగిద్దాం. ఫోను 250 చెరిపింది, లాప్‌టాప్ 250 చెరిపింది: ఒప్పుకున్నాం, చెరిగింది. ఫోను అక్కడ 300 చేర్చింది, లాప్‌టాప్ అక్కడే 350 చేర్చింది: ఎవరి మాటా తీసెయ్యడానికి లేదు, రెండూ ఉంచాం. ఫలితం: రెండు కిలోల ముక్కలకు ఉప్పు 300350 గ్రాములు.

ఎర్ర గీత లేదు, గొడవ ఫైలు లేదు, ఒక ప్రశ్న లేదు. విలీనం విజయవంతం. అమ్మ మాటా అత్తగారి మాటా పక్కపక్కనే నిలబెట్టిన కొడుకు తెలుగునాట ఇంతవరకు పుట్టలేదు. సాఫ్ట్‌వేర్ సాధించింది.

ఆయన చీటీ పట్టుకుని కిరాణా కొట్టుకెళ్లాడు. మూడు క్వింటాళ్ల మూడువందల యాభై గ్రాములు.

"ఫ్యాక్టరీ ఏమన్నా పెడుతున్నారా సార్?"

"లేదండీ. రెండు కిలోల ముక్కలకి."

"ఆ మూడొందల యాభై గ్రాములు ఎందుకండీ మళ్లీ?"

"అది మా అత్తగారి లెక్క."

ఉప్పు వచ్చింది. ఇక పాళ్లు తప్పకూడదు కాబట్టి ముక్కలు పెంచాలి. అమ్మ లెక్కనే పోయినా ఈ ఉప్పుకు రెండు టన్నుల మామిడికాయలు కావాలి. కొత్తపల్లి కొబ్బరి అయితే శ్రేష్ఠం. గోదావరి జిల్లాకు లారీ మాట్లాడారు. కాయ కొట్టడానికి కత్తిపీటలు, ఆవపిండికి మిల్లు, నువ్వులనూనె పీపాల్లో. ఈలోగా పిన్ని ఫోన్ చేసి "ఆ పేజీ నాక్కూడా పంపవే, నేనూ ఒక మాట రాస్తాను" అంది. ఆమె కూడా ఓ అంకె చేరిస్తే ఏమవుతుందో గణితానికి తెలుసు, మనం తట్టుకోలేం. ఇంత జరిగాక కూడా తయారీదారు దగ్గర జవాబు సిద్ధం: పరికరాల గుర్తింపులు అటూ ఇటూ అయితే 350300 వచ్చుండేది, ఇంకో యాభై కిలోలు ఎక్కువ, మీ అదృష్టం బాగుంది.

ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే గిట్ ఇంత మర్యాదస్థుడు కాదు. ఒకే వరుస రెండువైపులా మారితే పని ఆపేసి, బాణం గుర్తుల మధ్య రెండు ఉప్పులూ పెట్టి, నువ్వే తేల్చుకో అంటుంది. నా దృష్టిలో ఇన్నిటిలో నిజాయితీ ఉన్నది ఇదొక్కటే. కానీ పచ్చడి కలిపే చేత్తో ఫోన్లో టెర్మక్స్ అనే ఆదేశాల తెర తెరిచి కమిట్, పుల్, మెర్జ్ అని కొట్టమంటే అమ్మ కొడుతుంది.

మరి "ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది" అని పెద్దక్షరాలతో చెప్పుకునే మేఘవాసులు, అంటే క్లౌడ్ యాప్‌లు? సిగ్నల్ పోగానే పేజీల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి, నొక్కితే గుండ్రంగా తిరుగుతుంది. పేరు ఆఫ్‌లైన్, ఒళ్లు ఆన్‌లైన్. ఐక్లౌడ్‌లో స్టోరేజీ పొదుపు చెయ్యమని పెడితే, చాలాకాలం తెరవని ఫైళ్లను పరికరంలోంచి తీసేసి పేరు మాత్రం మిగులుస్తుంది. బ్రౌజరు కడుపులోనే నోట్లు దాచే వెబ్‌సైట్ల సంగతి ఇంకా రుచికరం: 2020 నుంచి సఫారీలో ఒక నియమముంది. సఫారీ వాడుతూ, ఏడు రోజులపాటు ఆ సైటును ముట్టుకోకపోతే, సైటు స్క్రిప్టు దాచుకున్నదంతా తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న యాప్‌కు మినహాయింపు. నిఘా పెట్టే ప్రకటనల వాళ్లను అడ్డుకోవడానికట. వాళ్లకేమయిందో గానీ ఆవకాయ మాత్రం పోయింది.

కాబట్టి బుద్ధిమంతులు చేసేదేమిటంటే: నోటుకొక ఫైలు, మామూలు టెక్స్టు. ఎప్పుడూ వెలిగుండే పరికరం ఒకటి. దాని మీద సింక్‌థింగ్‌లో దశలవారీ వెర్షనింగు: మొదటి గంటలో ముప్ఫై సెకన్లకొకటి, మొదటి రోజంతా గంటకొకటి, నెలంతా రోజుకొకటి, ఆ తర్వాత వారానికొకటి దాస్తుంది. అయితే బయటినుంచి వచ్చిన మార్పులకే దాస్తుంది, ఆ పరికరంలోనే మీరు చెరిపినదానికి కాదు. అందుకే దాని మీద ఎవరూ ఏమీ రాయకూడదు. సిగ్నల్ లేనిచోట పాత పేజీ ముట్టుకోకుండా, "డబ్బా ఫోను", "డబ్బా లాప్‌టాప్" అని పరికరానికో పేజీ పెట్టి అందులో చేర్చుకుంటూ పోవాలి. ఒక ఫైలుకు ఒకే చెయ్యి కాబట్టి తగువు పుట్టదు. ఆదివారం కూర్చుని అసలు పేజీల్లోకి ఎక్కించుకోవచ్చు. వీటన్నిటికీ బయట, సింక్‌తో చుట్టరికం లేని డిస్కులో నెలకో నకలు.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. పేజీల పేర్లు తెలుగులో పెట్టేవాళ్ల దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు.

"ఆవకాయ పాళ్లు" అని గిట్‌లో పెట్టండి. స్టేటస్ అడిగితే అది చూపించే పేరు \340\260\206\340\260\265 అంటూ మొదలై వాకిలి దాకా పోతుంది. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ అని మార్చేదాకా అంతే. అదే పేజీ లింకు అవసరమైతే రెండు మాటల పేరు 102 అక్షరాల శాతం గుర్తుల తోరణమవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మనకు ప్రతి అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ మూడేసి. అంటే వాళ్లకు 255, మనకు 85. విండోస్‌లో నిక్షేపంగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు ఫోనుకు చేరనే చేరదు.

"హైదరాబాద్" అని రాయండి. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వమూ దాని కింద తోకా కలిపి రెండు గుర్తులుగానూ రాయొచ్చు, యూనికోడ్‌కు రెండూ సమ్మతమే. ఫోను ఒకటిగా రాస్తుంది. 2017కు ముందటి మ్యాక్ డిస్కులు పేరును విడగొట్టి రెండుగా దాస్తాయి. కంటికి తేడా లేదు. సింక్‌థింగ్ దీన్ని తనంతట సరిచేసుకుంటుంది. జిప్ చేసి తెచ్చినా, సరైన ఐచ్ఛికం ఇవ్వకుండా ఆర్‌సింక్ అనే నకళ్ల ప్రోగ్రాముతో తెచ్చినా పక్కపక్కనే రెండు హైదరాబాదులు. రాష్ట్రం రెండైనప్పుడు పదేళ్లు ఉమ్మడిగా ఉన్న ఊరు, ఫోల్డర్లో ఒక్క రోజు ఉమ్మడిగా ఉండలేకపోయింది.

ఇది అడిగితే వచ్చే సలహా ఎప్పుడూ ఒకటే. "ఫైలు పేరు ఇంగ్లీషులో పెట్టుకోండి, ఏ బాధా ఉండదు." ఎందుకు పెట్టుకోవాలి? అమ్మ తెలుగులో చెప్పింది, తెలుగులో రాసుకున్నాం, తెలుగులో వెతుక్కుంటాం. కోట్ల మంది మాట్లాడే భాషలో ఒక ఊరి పేరు సరిగ్గా దాచలేని పనిముట్టు తప్పును, ఆ పేరు రాసినవాడి తప్పుగా తేల్చడానికి ఎంత గుండె కావాలి! పోనీ ఆ సలహా పరాయివాళ్లు ఇస్తారా అంటే కాదు, మనవాళ్లే ఇస్తారు, తెలుగులోనే ఇస్తారు, ఏదో గొప్ప అనుభవసారం పంచుతున్నంత దయగా. రూపాలు రెండున్నాయని, పోల్చేముందు రెంటినీ ఒక రూపంలోకి తెచ్చుకోవాలని యూనికోడ్ వాళ్లు ఎన్నడో రాసిపెట్టారు. చెయ్యలేక కాదు, మన పేర్ల మీద పరీక్షించి చూసేంత పట్టింపు లేక.

రెండైన పేర్లను మళ్లీ ఒకటి చెయ్యడానికి లినక్స్‌లో కన్‌వ్‌ఎమ్‌వీ అనే చిన్న పనిముట్టుంది. ఎటు నుంచి ఎటుకన్న రెండుచోట్లా యూటీఎఫ్8 అనే చెప్పి, పేర్లను ఒకే గుర్తు రూపంలోకి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ ఐచ్ఛికం ఇవ్వాలి. మామూలుగా నడిపితే ఏమేం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని చేర్చితేనే నిజంగా మారుస్తుంది. రెండు రూపాలూ ఒకే ఫోల్డర్లో ఉంటే ముందు లోపలి రాతలు కలిపి ఒకదాన్ని తీసెయ్యండి. అంతకన్నా ముందు, అన్ని పరికరాల్లోనూ సింక్ ఆపండి.