నీలం టార్పాలిన్ బిగించేసి చేతులు దులుపుకునేవాళ్ళకి

అక్టోబర్ సగం దాటిందంటే మా మిన్నెసోటా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు మొదలవుతాయి. డ్రైవ్‌వేలో పాంటూన్ బోటు (పొడుగాటి గొట్టాల మీద తేలే చదును బోటు), దాని మీద నీలం టార్పాలిన్, చుట్టూ నైలాన్ తాడుతో బిగించిన చుట్లు. కింద "బోటు ప్యాక్ చేసేశాను, ఇక ఏప్రిల్ దాకా టెన్షన్ లేదు" అని మెసేజ్. దానికి "సూపర్ అన్నా" అని వరసగా రిప్లైలు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. వేలకు వేల డాలర్లు పోసి బోటు కొన్న మనిషి, దాన్ని ఆరు నెలలు కాపాడాల్సిన కవరు దగ్గరకొచ్చేసరికి ఎక్కడలేని పొదుపరి అయిపోతాడు.

అసలు అలా బిగించడమే తప్పు. మంచు లోపలికి రాకూడదని అందరూ చూసుకుంటారు, లోపలి తడి బయటికి ఎలా పోతుందో ఎవరూ ఆలోచించరు. పిల్లలు తడి బట్టలతో కూర్చున్న సీట్లు, నీళ్ళు పీల్చిన కార్పెట్, ఆరకుండానే సీటు కింద కుక్కేసిన లైఫ్ జాకెట్లు అన్నీ లోపలే ఉన్నాయి. పైన గాలి ఆడని పాలిథీన్. పగలు ఎండకి ఆవిరి లేస్తుంది, రాత్రి చలికి అదే ఆవిరి ప్లాస్టిక్ లోపలివైపు బొట్లు కట్టి మళ్ళీ సీట్ల మీదే రాలుతుంది. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీకి మూత బిగిస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఏప్రిల్‌లో కవరు తీసేసరికి వినైల్ నిండా నల్లచుక్కల బూజు. ఎంత తోమినా ఆ మరకలు పూర్తిగా పోవు. అప్పుడు మళ్ళీ గ్రూపులోకే వచ్చి "సీట్లు మార్పించడానికి ఎంతవుతుంది?" అని అడుగుతారు.

పాంటూన్‌తో ఇంకో చిక్కుంది. చుట్టూ రెయిలింగ్, మధ్యలో ఖాళీ. కవరు నడుమ జారి గుంటలా తయారవుతుంది. చదరపు మీటరు మీద ఒక్క సెంటీమీటరు నీళ్ళు నిలిచాయంటేనే 10 కిలోల బరువు. వాన పడి, అది గడ్డకట్టి, దాని మీద మంచు పేరుకుంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. కవరు చిరగడమో, రెయిలింగ్ వంగడమో ఖాయం. నాలుగు చెక్కలతో మధ్యలో ఎత్తుగా ఒక దూలం నిలబెట్టి, రెండు పక్కలా బాగా వాలు ఇస్తే మంచు చాలామటుకు దానంతటదే జారిపోతుంది. మూలలకి పాత కార్పెట్ ముక్కలు చుడితే కవరు చిరగదు. నీడకోసం ఉండే బిమిని టాప్ ఫ్రేమ్‌నే దూలంగా వాడేవాళ్ళున్నారు. అది ఎండని ఆపడానికి చేసింది, మంచు మొయ్యడానికి కాదు.

ఫైబర్‌గ్లాస్ బోటయితే ఇంకో బాధ. వదులైన టార్ప్ చలికాలమంతా గాలికి కొట్టుకుంటూ జెల్‌కోట్‌ని, అంటే బోటు పైనున్న మెరుపు పూతని, రుద్దుతూనే ఉంటుంది. అందుకే నా ఓటు సన్‌బ్రెల్లా లాంటి యాక్రిలిక్ కాన్వాస్‌తో కొలతకి కుట్టించిన కవరుకే. నీళ్ళని ఆపుతుంది, ఆవిరిని పోనిస్తుంది. మొదట్లో రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ ఏళ్ళ తరబడి వస్తుంది. ష్రింక్ ర్యాప్ (వేడి చేస్తే ముడుచుకుని బోటుకి బిగుసుకునే ప్లాస్టిక్) కూడా పనికొస్తుంది, కాదనను. పక్కలకి గాలి వెంట్లు పెట్టారో లేదో మాత్రం మరీనావాళ్ళని (బోట్లు నిలిపే రేవువాళ్ళని) అడగండి, అడక్కపోతే కొందరు పెట్టరు. నాకు నచ్చనిది ఒక్కటే. ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ తెల్ల ప్లాస్టిక్ మొత్తం కోసి పారేస్తారు. రీసైకిల్ చేయదగ్గ పాలిథీనే, అయినా చెత్త డబ్బాలో కుప్పలుగా కనిపిస్తుంది. యూట్యూబ్ చూసి ఇంట్లోనే ప్రొపేన్ టార్చ్‌తో ష్రింక్ చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: పక్కనే పెట్రోలు ట్యాంకు ఉందని గుర్తుందా?

ఇంకో సంగతి, కవరు ఆఖరి పని. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది, దాని ముందు ఇనుప ఇంజన్ బ్లాకు కూడా ఆగదు. ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజన్) అయితే నిలువుగా దించి ఉంచితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. ఇంజన్ బోటు లోపలే ఉండే స్టెర్న్‌డ్రైవ్‌లో అలా కాదు, బ్లాకులో నీళ్ళు, పొగ బయటికి పంపే మానిఫోల్డ్‌లో నీళ్ళు విడివిడిగా తీయాలి. గడ్డకట్టకుండా కాపాడే గులాబీరంగు యాంటీఫ్రీజ్‌ని ఇంజన్‌తో పీల్పిస్తే చాలనుకుంటారు. ఇంజన్ వేడెక్కాకే తెరుచుకునే వాల్వు, థర్మోస్టాట్, తెరుచుకోకపోతే అది బ్లాకులోకి వెళ్ళనే వెళ్ళదు, పాత నీళ్ళతో కలిసిందా పల్చబడి అదీ గడ్డకడుతుంది. ముందు ఖాళీ చేసి, ఆ తర్వాత నింపాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వచ్చిందంటే లోపలికి నీళ్ళు చేరినట్టే, సీల్ సంగతి ఇప్పుడే చూడండి. బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి వైర్లు తీసేయండి. ఫుల్ చార్జ్‌లో ఉన్నది ఇక్కడి చలికి కూడా తట్టుకుంటుంది, ఖాళీ అయినది పగులుతుంది. డ్రెయిన్ ప్లగ్ తీసి, ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచండి.

డాలస్ మిత్రులు "మాకీ గొడవ లేదులే" అని నవ్వకండి. 2021 ఫిబ్రవరిలో మీ ఇళ్ళల్లో పైపులే గడ్డకట్టి పగిలాయి. మాకు చలి వస్తుందని తెలుసు కాబట్టి సిద్ధంగా ఉంటాం. మీకు తెలియకుండా వస్తుంది.

తెలిసిన మేమూ ఆలస్యం చేస్తాం, అది వేరే సంగతి. "నవంబర్‌లో చూద్దాంలే" అనే ప్రతివాడికీ నేను 1991 హాలోవీన్ మంచుతుఫాను గురించి చెప్తాను. అక్టోబర్ 31న మొదలై నవంబర్ 3 దాకా ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) 28.4 అంగుళాల మంచు కురిసింది.

లేక్ సుపీరియర్ వైపు తెరచాప బోట్లు పెట్టుకున్న కొద్దిమందికి, ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. టార్ప్ తాళ్ళని జాక్‌స్టాండ్లకి (ఒడ్డున బోటుని నిలబెట్టే ఊతలకి) కట్టొద్దు. గాలికి టార్ప్ ఎగిరిందంటే తాడు స్టాండుని లాగుతుంది, స్టాండు జరిగిందంటే కొన్ని టన్నుల బోటు పక్కకి ఒరిగిపోతుంది. తాడుని బోటు అడుగునుంచి ఈ పక్కనుంచి ఆ పక్కకి తీసి కట్టండి, లేదా ఇసుక సంచులు వేలాడదీయండి. యార్డులో ఇంకెవరైనా అలా స్టాండుకి కట్టినట్టు కనిపిస్తే మొహమాటపడకుండా ఆఫీసులో చెప్పండి, ఆ బోటు పడితే పడేది పక్కనున్న మీ బోటు మీదే.